హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు?

"హైదరాబాద్ టు డల్లాస్ డిస్టెన్స్" అని ఫోన్‌లో కొట్టి చూడండి, ఏ పేజీ తెరిచినా దాదాపు ఒకటే జవాబు. 14,400 కిలోమీటర్లు, ఫ్లైట్ టైమ్ పదిహేడున్నర గంటలు. కిలోమీటర్ల సంగతి సరే, భూగోళం మీద ఈ రెండు ఊళ్ళకీ ఉన్న దగ్గరి దారి అంతే. గొడవంతా గంటల దగ్గరే. గంటకి 850 కిలోమీటర్ల స్పీడ్ అనుకుని భాగించి, పైకి లేవడానికి కిందికి దిగడానికి ఓ అరగంట కలిపితే ఆ పదిహేడున్నర వస్తది. అంతే తప్ప ఆ టైమ్‌లో శంషాబాద్‌లో ఎక్కి డల్లాస్‌లో దిగిన మనిషి ఎవరూ లేరు, ఎందుకంటే ఈ రెండింటి మధ్య నాన్‌స్టాప్ ఫ్లైటే లేదు. కానీ ఆ పేజీ చదివిన అమ్మానాన్నలు పదిహేడు గంటలేగా అని మనసులో ఫిక్స్ అయిపోతారు, మనమేమో టికెట్ సైట్‌లో తక్కువ గంటలది పైన వచ్చేట్టు పెట్టుకుని మొదటిది కొనేస్తాం.

నా వాదన ఏంటంటే, పెద్దవాళ్ళకి టికెట్ కొనేటప్పుడు దూరాన్నీ మొత్తం గంటలనీ చూసి కొనడం మానేయాలి. ఎక్కడ మారాలి, మారడానికి చేతిలో ఎంత టైమ్ ఉంటది, అమెరికాలో మొదటి అడుగు ఎక్కడ పడుతుంది, ఇవి చూడాలి. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో ఉన్న మనవాళ్ళలో ఏటా ఈ టికెట్ల పని పడని ఇల్లు తక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ 14,400 సంగతి చూద్దాం. మ్యాప్ చూస్తే డల్లాస్ మనకి పడమరన ఉన్నట్టు, గల్ఫ్, యూరప్, అట్లాంటిక్ దాటి పోవాల్సినట్టు కనిపిస్తది. పిల్లల గ్లోబ్ తీసుకుని హైదరాబాద్ మీద ఒక దారం కొస పట్టి, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగించండి. దారం పడమరకి పోదు. దాదాపు సూటిగా ఉత్తరానికి పోతది! ఢిల్లీ పక్కనుంచి, కారకోరం కొండల మీదుగా, కిర్గిజ్‌స్తాన్ దాటి, సైబీరియాలో ఓమ్‌స్క్ దగ్గర్నుంచి కారా సముద్రం మీదికి వెళ్ళి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరగా తిరిగి, కెనడా మంచు దీవుల మీదుగా మిన్నెసోటా, కాన్సస్ దాటి టెక్సాస్‌లో దిగుతది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే డల్లాస్ 97 డిగ్రీల పడమర మీద ఉంది, రెండూ కలిపితే 175, అంటే భూమికి దాదాపు ఒకదానికొకటి అవతలి వైపు. అలాంటప్పుడు దగ్గరి దారి ఎప్పుడూ ధ్రువం పక్కనుంచే. మా అమ్మాయి దారం పట్టుకుని ఎన్నిసార్లు బిగించినా మా అమ్మ విమానం మారే ఖతార్‌లోని దోహా దాని దరిదాపుల్లోకి రాకపోయేసరికి, మరి నానమ్మ దోహా ఎందుకు వెళ్తది అని అడిగింది. చాలా మంచి ప్రశ్న.

ఎందుకంటే దారానికి కొండలు అడ్డం రావు, దేశాల సరిహద్దులు అడ్డం రావు, గాలి అసలే తగలదు. విమానానికి మూడూ తగుల్తాయి.

కొండల సంగతి తీసుకోండి. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగుల దాకా దించాలి, మనుషులు మామూలుగా ఊపిరి పీల్చుకోగలిగే ఎత్తు అది. కారకోరం, టిబెట్ మీద నేలే అంతకంటే ఎత్తుగా ఉంటే ఎక్కడికి దించుతాడు? అందుకే ఆ ప్రాంతాన్ని వీలైనంత వరకు తప్పించి పోతారు.

సరిహద్దుల సంగతి ఇంకా పెద్దది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమానాలకి రష్యా ఆకాశం మూతపడింది. మన దేశపు కంపెనీలకి, గల్ఫ్ కంపెనీలకి ఆ అడ్డు లేదు. అంటే అవే రెండు ఊళ్ళు, ఎక్కిన విమానం ఏ దేశానిదో దాన్ని బట్టి దూరం మారిపోతది. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిర్ ఇండియా ఫ్లైట్లు చుట్టు తిరిగి పోవాల్సొచ్చింది, కొన్ని వియన్నాలో ఆగి ఆయిల్ నింపుకుని వెళ్ళాయి. నాన్‌స్టాప్ అని టికెట్ కొన్నవాళ్ళకి మధ్యలో స్టాప్ వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు తన ఆకాశాన్ని మూసేసింది, ఆ రాత్రి దోహా మీదుగా పోవాల్సిన వాళ్ళందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. డిస్టెన్స్ చెప్పే పేజీలో మాత్రం అప్పుడూ అదే 14,400, ఇప్పుడూ అదే.

ఇక గాలి. నాకు ఈ మొత్తం సబ్జెక్ట్‌లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ముప్పై వేల అడుగుల పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని గాలి నది ఒకటి పారుతుంటది, చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటి కూడా వీస్తది. దానికి ఎదురు పోతే ఆలస్యం, దాంతో పాటు పోతే తొందర. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ వైపు కాకుండా రివర్స్‌లో, పసిఫిక్ వైపు నుంచి నడిపింది. ఆ దారి 15,300 కిలోమీటర్లు, అంటే పాత దారి కంటే సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందు! దూరం పెరిగితే టైమ్ తగ్గింది. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం తుఫాను గాలి వెన్నంటి ఉండబట్టి 4 గంటల 56 నిమిషాల్లో వెళ్ళింది. మన రూట్‌లో కూడా చూడొచ్చు, గల్ఫ్ నుంచి డల్లాస్ రావడానికి 16 గంటలు పైనే పడితే అదే దారిన తిరిగి పోవడానికి 15 లోపే అయిపోతది. అందుకే "ఎన్ని గంటలు" అని అడిగితే రావడానికా పోవడానికా, ఏ నెలలో అని తిరిగి అడగాలి.

"మరి నాన్‌స్టాప్ వేస్తే పోయేదిగా, అంత దూరం పోయే విమానాలే లేవా" అని మావాళ్ళు ప్రతి పండక్కీ అడుగుతారు. ఉన్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోతది, పద్దెనిమిది గంటల పైనే. కానీ ఆ విమానంలో సీట్లు ఎన్నో తెలుసా, 161. అందులో ఎకానమీ క్లాస్ అనేదే లేదు, బిజినెస్, ప్రీమియం ఎకానమీ అంతే. కారణం ఇంధనం. చివరి గంటల్లో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోసుకుని తిరగాలి, ఆ మోతకి మళ్ళీ ఇంధనం కాలుద్ది. దూరం పెరిగేకొద్దీ ఇంధనం అంతకు మించి పెరుగుతది, ఆ బరువుకి జాగా ఇవ్వాలంటే మనుషుల్ని, సామాన్లని తగ్గించాలి. దానికి తోడు మన శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, ఎండాకాలం నలభై డిగ్రీల వేడిలో గాలి పలచబడి రెక్కలకి పట్టు తగ్గుద్ది, ఫుల్ ట్యాంకుతో లేవడం ఇంకా కష్టం. ఇప్పుడు ఆలోచించండి, మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, అందులో ఆవకాయ, కారప్పొడి, ఎండు చేపలు అంచుల దాకా నింపుకుని పోయే మన జనానికి ఆ లెక్క ఎట్లా కుదురుద్ది!

ప్రయత్నం జరగలేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి వారానికి ఒక్కటి చొప్పున నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, దాదాపు 13,300 కిలోమీటర్లు, బోయింగ్ 777-200ఎల్ఆర్ మీద. మన ఊరి నుంచి అమెరికాకి ఆగకుండా పోయే విమానం చూసి ఎంత సంతోషించామో. తర్వాత అది ఆగిపోయింది. ఆ జనవరిలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ నలుగురు ఆడవాళ్ళే ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపి తెచ్చారు. నాకు అది ఇప్పటికీ గర్వంగా ఉంటది. ధ్రువం దారి అంత తేలికైనది కాదు. విమానాల్లో వాడే ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుద్ది, అక్కడ బయట గాలి అంతకంటే చల్లగా ఉండొచ్చు, ఏదైనా తేడా వస్తే దిగడానికి ఎయిర్‌పోర్టులు చాలా తక్కువ. 2023 జూన్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఇంజిన్ తేడా వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్ అనే ఊళ్ళో దిగితే, ఇంకో విమానం పంపి వాళ్ళని తీసుకెళ్ళాల్సి వచ్చింది. కాబట్టి నాన్‌స్టాప్ రేపోమాపో వచ్చేస్తదని ఎదురుచూడటం కంటే, మారి పోయే ప్రయాణాన్ని బాగా ప్లాన్ చేసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతా.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. దోహాలో మారితే మనం పెద్దగా చుట్టు తిరిగినట్టు కాదు. హైదరాబాద్–దోహా సుమారు 2,900, దోహా–డల్లాస్ 12,750, మొత్తం 15,650. లండన్‌లో మారితే 7,750, 7,630 కలిపి 15,380. దారం పట్టిన దూరం కంటే వెయ్యి, పన్నెండొందల కిలోమీటర్లు ఎక్కువ, అంటే గంటన్నర కూడా కాదు. కాబట్టి దారి ఏదైనా గాల్లో ఉండేది ఇరవై గంటలు, ఇరవై ఒకటి. మిగతాదంతా నేల మీదే. మనం తగ్గించగలిగేది, పాడు చేసుకోగలిగేది కూడా అదే.

మా అమ్మ ఖమ్మంలో ఉంటది. తెల్లవారుజామున 4 గంటలకి శంషాబాద్‌లో ఫ్లైట్ అనుకోండి. అర్ధరాత్రికల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలంటే ఖమ్మంలో సాయంత్రం ఏడింటికి కారెక్కాలి, సూర్యాపేటలో ఒకసారి ఆగుతారు. నాలుగున్నర గంటలు దోహాకి, అక్కడ రెండు గంటలు, ఆ తర్వాత పదహారు గంటలు. చలికాలం అయితే డల్లాస్‌లో అదే రోజు మధ్యాహ్నం 3 గంటలకి దిగుద్ది. టికెట్ మీద 4 నుంచి 3 దాకా అని చూసి మా మేనత్త "పదకొండు గంటలేనంటగా" అంది. టైమ్ తేడా పదకొండున్నర గంటలు కలిపితే ఇరవై రెండున్నర. దానికి ముందు తొమ్మిది గంటలు, వెనక ఇమిగ్రేషన్, పెట్టెలు, మా ఇంటి దాకా కారు, ఇంకో మూడు గంటలు. ఖమ్మం గుమ్మం నుంచి ఫ్రిస్కో గుమ్మం దాకా ముప్పై నాలుగైదు గంటలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, సగం మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీష్ రాదు. ఈ మొత్తంలో గంటో గంటన్నరో తగ్గించుకోవడానికి ఆమెని దోహాలో పరుగెత్తించడం న్యాయమేనా?

మా బావ ఒప్పుకోడు. "ఏంది బామ్మర్దీ, నాలుగు గంటలు ఎయిర్‌పోర్ట్‌లో ఊరికే కూర్చోబెడతవా, రెండు గంటల కనెక్షన్ ఉంటే ఎంచక్కా ఎక్కేసి ఇల్లు చేరుద్దిగా, పెద్దావిడకి ఎంత తొందరగా పక్క దొరికితే అంత మంచిది" అంటాడు. ఆయన చెప్పిన దాంట్లో చివరి మాటతో నాకు పేచీ లేదు. కానీ ఆ రెండు గంటలు నిజంగా రెండు గంటలు కావు. విమానం ఓ ఇరవై నిమిషాలు లేటయిందనుకోండి, అది మామూలే. వీల్‌చైర్ అడిగిన వాళ్ళని అందరూ దిగాక చివర్లో దించుతారు, కుర్చీ వచ్చేదాకా అక్కడే ఆగాలి, ఇంకో ఇరవై ముప్పై నిమిషాలు పోయాయి. ట్రాన్స్‌ఫర్ సెక్యూరిటీ లైన్ ఒకటి. ఆ పైన అమెరికా ఫ్లైట్ అంటే గేటు దగ్గర మళ్ళీ చెకింగ్, బోర్డింగ్ గంట ముందే మొదలుపెట్టేస్తారు. బాత్రూమ్‌కి వెళ్ళడానికి, బీపీ మాత్ర వేసుకుని నాలుగు ముద్దలు తినడానికి మిగిలేది ఏముంది? తప్పిపోతే డల్లాస్‌కి తర్వాతి ఫ్లైట్ సాధారణంగా మర్నాడే. రెండు గంటలు మిగుల్చుకోబోయి ఇరవై నాలుగు గంటలు పోగొట్టుకోవడం ఇదే. పైగా అంతసేపు కాళ్ళు మడిచి కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెద్ద వయసులో ఎక్కువని డాక్టర్లు చెప్తూనే ఉంటారు, పదహారు గంటల సీటుకి ముందు ఓ గంటసేపు కాళ్ళు చాపుకుని, కాస్త నడిచి, కడుపు నిండా తిని ఎక్కడం వేస్ట్ ఎట్లా అవుద్ది.

అమ్మ కోసం నేను ఒక కాగితం రాస్తా. పెద్దక్షరాల్లో, తెలుగులో. "దిగాక కుర్చీ వచ్చేదాకా కదలొద్దు. పాస్‌పోర్టు చేతి సంచిలో ముందు జిప్పులో. పెద్ద పసుప్పచ్చ ఎలుగుబంటి బొమ్మ కనిపిస్తది, తప్పిపోయినట్టు అనిపిస్తే అక్కడికి తీసుకెళ్ళమని చెయ్యి చూపించు, అక్కడ మనోళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. వాచీ టైమ్ మార్చొద్దు, మందులన్నీ ఖమ్మం టైమ్‌కే." కింద ఇంగ్లీష్‌లో "ఈమెకి తెలుగు మాత్రమే వచ్చు, డల్లాస్ గేటు దాకా సాయం చేయండి" అని, నా నంబర్. షుగర్ మాత్రల టైమ్ గురించి మాత్రం కాగితాన్ని నమ్మకుండా ముందే వాళ్ళ డాక్టర్‌ని అడిగి రాయిస్తా, ఇంత టైమ్ తేడాలో మన ఇష్టమొచ్చినట్టు జరపకూడదు. దోహా ఎయిర్‌పోర్ట్‌లో ఆ బొమ్మ ఇంటి ఎత్తున ఉంటది, నెత్తి మీద దీపంతో, అందుకే గుర్తుగా అంతకంటే మంచిది లేదు. వీల్‌చైర్ గురించి కొందరు నడవగలిగినవాళ్ళకి ఎందుకు అని చిన్నచూపుగా మాట్లాడతారు. మన అమ్మలకి కాళ్ళకంటే ముందు భాష కావాలి, ఆ కుర్చీ తోసే మనిషే వాళ్ళకి దారి, నోరు, ధైర్యం. నేను నిస్సంకోచంగా అడుగుతా, అందర్నీ అడగమనే చెప్తా.

ఇంకో పెద్ద విషయం, అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్. టికెట్ చౌకగా ఉందనో, గంటలు కలిసొస్తాయనో దేశం లోపల ఇంకోచోట మారేట్టు కొంటే, అక్కడ ఇమిగ్రేషన్ లైన్, ఆ తర్వాత పెట్టెలు బెల్ట్ మీంచి తీసుకోవడం, కస్టమ్స్, మళ్ళీ పెట్టెలు అప్పజెప్పడం, టెర్మినల్ మారడం, మళ్ళీ సెక్యూరిటీ. మా ఊరి దంపతులు ఒకరు ఇట్లాగే లోపలి కనెక్షన్ తప్పిపోయి రాత్రంతా ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో ఉన్నారు, టికెట్ మీద ఆ కనెక్షన్ గంటా ముప్పావు అని ఉంది. గల్ఫ్‌లోనో లండన్‌లోనో మారితే పెట్టెలు వాటంతట అవే వస్తాయి, ఇమిగ్రేషన్ డల్లాస్‌లో, బయట పిల్లలు నిలబడి ఉంటారు, ఎంత లైన్ ఉన్నా తప్పిపోవడానికి ఇంకేం ఉండదు. అబుధాబి మీదుగా అయితే ఇంకో వెసులుబాటు, 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ పూర్తి చేసి పంపుతున్నారు, చికాగోనో న్యూయార్కో వచ్చేవాళ్ళు దిగి నేరుగా బయటికి నడిచి రావచ్చు. ఆ పని అక్కడే జరగాలి కాబట్టి అబుధాబిలో మాత్రం టైమ్ ఇంకా ఎక్కువ ఉంచుకోవాలి.

చేరే వేళ కూడా చూడాలి. మధ్యాహ్నం దిగితే ఇంటికొచ్చి స్నానం చేసి వేడన్నం తిని, కాసేపు పిల్లలతో గడిపి చీకటి పడ్డాక పడుకోవచ్చు. పొద్దున దిగితే ఆ పగలంతా నిద్ర ఆపుకోవాలి, పెద్దవాళ్ళకి అది నరకం. శరీరం రోజుకి ఓ గంట చొప్పున సర్దుకుంటదని అంటారు, మనకి చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, కాబట్టి దాదాపు పది రోజులు అర్ధరాత్రి వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంటది, అది ఏ టికెట్టూ తప్పించలేదు.

ఈసారి అమ్మ అక్టోబర్‌లో వస్తది. దోహాలో నాలుగు గంటలున్న టికెట్టే తీసుకున్నా, ఇరవై నాలుగున్నర గంటలది, రెండు గంటల కనెక్షన్ ఉన్నదానికంటే రేటు కొంచెం ఎక్కువే. మొదటి ఫ్లైట్‌లో ముందు వరసల్లో నడవ పక్క సీటు, రెండింటికీ వీల్‌చైర్, డయాబెటిక్ భోజనం రాయించా. బావ ఇంకా ఫోన్ చేసి వాదిస్తూనే ఉన్నాడు, ఈ వ్యాసం లింకు ఆయనకే ముందు పంపుతున్నా.